ఊరు కదలని మనిషికి నాలుగు దేశాలు: ఫ్లాండర్స్ కాగితాల్లో ఒక ముత్తవ్వ జాడ

క్లుప్తంగా: 18వ శతాబ్దం చివర ఫ్లాండర్స్‌లో పుట్టిన స్త్రీ జీవితాన్ని వెతికేవారికి ఆమె పేరు, పుట్టిన తేదీ, దేశం కాగితానికి ఒకలా కనిపిస్తాయి. ఆ తేడాల్లో చాలావరకు తప్పులు కావు, పాలన మారిన గుర్తులు. ఆమె గురించి రాసి ఉంచింది చర్చి, సైన్యం, కోర్టు, పేదల సహాయ కార్యాలయం. అందుకే ఎవరు ఎందుకు రాశారో తెలిస్తేనే ఆ రాత అర్థమవుతుంది. ఆమె కాలపు అసలు చరిత్ర యుద్ధాల తేదీల్లో కన్నా అవిసె నూలు ధరలోనూ, 1845 బంగాళాదుంప పంటలోనూ ఎక్కువగా దొరుకుతుంది.

బెల్జియం ఉత్తర భాగాన, డచ్ మాట్లాడే ప్రాంతం ఫ్లాండర్స్. అక్కడి నుంచి ఫ్రాన్స్‌కు, అమెరికాకు, కెనడాకు వెళ్లినవాళ్ల వారసులు ఇప్పుడు ఇంట్లో కూర్చునే పాత రిజిస్టర్లు తిరగేస్తున్నారు. బెల్జియం ప్రభుత్వ ఆర్కైవ్స్ 2013 నుంచి చర్చి పుస్తకాల, జనన మరణ రిజిస్టర్ల స్కాన్ ప్రతులను ఆన్‌లైన్‌లో ఉచితంగా ఇస్తోంది. కాగితం దొరకడం తేలికైంది, చదవడమే కష్టంగా ఉంది.

ఉదాహరణకు ఒక స్త్రీని ఊహించుకోవచ్చు. ఘెంట్ నగరానికి దక్షిణాన, లీస్, షెల్డ్ నదుల మధ్య ఒక పల్లె. 1793 చివర్లో పుట్టింది, 1820లో పెళ్లి, 1847 మార్చిలో మరణం. ఈమె ఫలానా కుటుంబానికి చెందిన మనిషి కాదు. ఆ కాలంలో ఆ ప్రాంతంలో బతికిన వేలమంది ఆడవాళ్లకు సరిపోయే నమూనా మాత్రమే.

నాలుగు జెండాలు

ఆమె పుట్టేనాటికి ఆ నేల ఆస్ట్రియా హాబ్స్‌బర్గ్ చక్రవర్తులది. 1794 జూన్‌లో ఫ్లూరుస్ దగ్గర ఫ్రెంచి సేనలు గెలిచాయి. 1795 అక్టోబర్ 1న ఆ ప్రాంతం మొత్తాన్ని ఫ్రాన్స్ తనలో కలిపేసుకుంది. ఆమె ఊరు ఎస్కో అనే ఫ్రెంచి జిల్లాలోకి వెళ్లింది. షెల్డ్ నదికి ఫ్రెంచివాళ్లు పెట్టుకున్న పేరు అది. 1815లో అదే ఊరు నెదర్లాండ్స్ రాజు విలియం ఏలుబడిలోకి వచ్చింది. 1830 తిరుగుబాటుతో బెల్జియం అయింది. ఆమె మాత్రం పుట్టిన ఊరికి పది కిలోమీటర్లు దాటి కాపురం పెట్టి ఉండకపోవచ్చు. వంశవృక్షాల్లో "ఆస్ట్రియాలో పుట్టింది, హాలండ్‌లో పెళ్లాడింది, బెల్జియంలో చనిపోయింది" అని రాసినవి కనిపిస్తే వలస పోయిందనుకోవడం పొరపాటు. తిరిగింది సరిహద్దులే.

ఈ నాలుగింటిలో ఇప్పుడు వెతికేవారికి ఎక్కువగా అక్కరకొచ్చేది ఫ్రెంచి పాలన. అది ఇరవై ఏళ్లే సాగింది కానీ కాగితం పని పద్ధతినే మార్చేసింది.

ఒకే మనిషి, మూడు పేర్లు

1793లో జననాన్ని నమోదు చేసేది చర్చి. ఫాదరీ లాటిన్‌లో రాసేవాడు. బాప్తిస్మం తేదీ, తల్లిదండ్రుల పేర్లు, జ్ఞాన తల్లిదండ్రుల పేర్లు, అంతే. 1778లో ఆస్ట్రియా ఏలిక మరియా థెరీసా ప్రభుత్వం ఈ పుస్తకాలకు రెండో ప్రతి ఉండాలని ఆదేశించింది. మన నమూనా స్త్రీ పేరు ఆ పుస్తకంలో "యోయాన్నా కాథరీనా" అని ఉంటుంది.

1796లో ఫ్రెంచి ప్రభుత్వం జననం, పెళ్లి, మరణం రాసే పనిని చర్చి నుంచి తీసి మునిసిపాలిటీకి అప్పగించింది. ఫాదరీల దగ్గరున్న పాత పుస్తకాలను కూడా స్వాధీనం చేసుకుంది. చర్చి మీద ఇది పెద్ద దెబ్బ. అయితే ఆ పుస్తకాలు ఇప్పటికీ మిగలడానికి ఈ స్వాధీనం కూడా ఒక కారణం. కొత్త రిజిస్టర్లు ఫ్రెంచిలో నడిచాయి కాబట్టి ఆమె పేరు వచ్చే చోటల్లా "జాన్ కాత్రీన్" అయింది. విలియం రాజు ఫ్లెమిష్ జిల్లాల్లో 1823 నుంచి డచ్‌ను ఏకైక అధికార భాష చేశాడు. దాంతో ఆమె పిల్లల జనన పత్రాల్లో తల్లి పేరు "యోహన్నా కాతారీనా". ఇంట్లో పిలుపు ఈ మూడూ కాదు, బహుశా "త్రీన్".

తేదీలతో ఇంకో చిక్కు. ఫ్రెంచి విప్లవ క్యాలెండర్‌లో 30 రోజుల నెలలు పన్నెండు, చివర అయిదో ఆరో అదనపు రోజులు. ఆమె తమ్ముడు "ఎనిమిదో సంవత్సరం బ్రూమేర్ 18" న పుట్టాడని ఉంటే అది 1799 నవంబర్ 9. 1806 జనవరి 1 నుంచి ఆ క్యాలెండర్ పోయింది. అధికమాసాల లెక్క తెలిసిన తెలుగువాళ్లకు ఈ మార్పిడి మరీ కొత్తగా అనిపించకపోవచ్చు. పట్టికలు పక్కన పెట్టుకుంటే సరిపోతుంది.

ఇంటిపేరు స్పెల్లింగ్ గురించి ఎక్కువ టెన్షన్ పడనక్కరలేదు. గుమాస్తా చెవికి ఎలా వినిపిస్తే అలా రాశాడు. ముందుండే "వాన్", "దె" లాంటి ముక్కలను ఒకసారి కలిపి, ఒకసారి విడిగా రాశారు. చెప్పే మనిషికి చదువు రాదు కాబట్టి సరిదిద్దేవారు లేరు.

అయితే ఒక విషయంలో ఫ్లాండర్స్ కాగితాలు చాలా సాయం చేస్తాయి. తెలుగు ఇళ్లలో పెళ్లితో ఆడపిల్ల ఇంటిపేరు మారిపోతుంది. రెండు తరాలు వెనక్కి వెళ్లేసరికి అమ్మమ్మ పుట్టింటి పేరు గుర్తున్నవాళ్లే ఉండరు. ఫ్లాండర్స్‌లో అలా కాదు. పుట్టుక పత్రంలో ఉన్న పేరు తప్ప వేరే పేరు ఎవరూ పెట్టుకోకూడదని 1794 ఆగస్టు ఫ్రెంచి చట్టం చెప్పింది. పెళ్లయినా, వితంతువైనా, చనిపోయినా స్త్రీని పుట్టింటి పేరుతోనే రాశారు. ఆడవాళ్ల వరసలో ఆరేడు తరాలు వెనక్కి వెళ్లగలగడానికి ఇదే ఆధారం. కుటుంబం అమెరికా వెళ్లిందంటే మాత్రం అక్కడి కాగితాల్లో భర్త ఇంటిపేరు వచ్చి చేరుతుంది. దారం తెగేది అక్కడే.

పెళ్లి కాగితాల కట్ట

ఒక్క రోజే ఉండి ఒక్క కాగితమే చూసే అవకాశం ఉంటే పెళ్లికి జతచేసిన పత్రాల కట్ట అడగాలి. 1804 నెపోలియన్ పౌరస్మృతి ప్రకారం వధూవరులు తమ జనన పత్రాలు తేవాలి. తల్లిదండ్రుల అంగీకారం చూపాలి. వాళ్లు బతికి లేకపోతే మరణ పత్రాలు పెట్టాలి, ఆ పైన తాత నానమ్మల విషయం కూడా తేల్చాలి. అంటే 1820 నాటి ఒక పెళ్లి కట్ట విప్పితే ఒక్కోసారి మూడు తరాలు బయటపడతాయి. కొన్ని కట్టల్లో పెళ్లి ఖర్చు భరించలేరని ఊరి అధికారి ఇచ్చిన పేదరికపు ధ్రువపత్రం కూడా దొరుకుతుంది.

వరుడు సైనిక బాధ్యత తీర్చుకున్నట్టు కాగితం తేవాలి. ఫ్రెంచివాళ్లు 1798లో నిర్బంధ సైనిక సేవ పెట్టినప్పుడు ఫ్లాండర్స్ రైతులు తిరగబడ్డారు. ఆ తిరుగుబాటు డిసెంబర్ నాటికి అణగిపోయింది, సైన్యపు కాగితం మాత్రం నిలిచిపోయింది. డచ్ పాలనలో ఇచ్చిన మిలీషియా పత్రంలో యువకుడి ఎత్తు, నుదురు, కళ్లు, ముక్కు, గడ్డం, జుట్టు రంగు రాసి ఉంటాయి. కాబట్టి మన నమూనా స్త్రీ భర్త ముక్కు ఎలా ఉండేదో ఇప్పుడు చెప్పొచ్చు. ఆమెది చెప్పలేం. సైన్యానికి ఆమె ముఖంతో పని లేదు. ఆమె ఏ బిచ్చగాళ్ల నిర్బంధశాలలోనో, జైల్లోనో పడి ఉంటే అక్కడి రిజిస్టర్‌లో ఆమె రూపం కూడా ఉండేది.

పెళ్లి నాటికి ఆమెకు 26 ఏళ్లు. ఇది ఆ కాలానికి ఆలస్యం కాదు. పశ్చిమ ఐరోపా పల్లెల్లో ఆడవాళ్లు సగటున పాతికేళ్లు దాటాకే పెళ్లాడేవారు, చాలామంది అసలు పెళ్లే చేసుకోలేదు. కొత్త జంట వేరు కాపురం పెట్టాలి. దానికి కౌలుకు కాస్త భూమి చెక్క, ఒక మగ్గం కావాలి. అవి సమకూరేదాకా పిల్ల వేరేవాళ్ల ఇంట పనిమనిషిగా ఉండేది. పత్రం చివర ఒక వాక్యం ఉంటుంది: వధువు రాయడం రాదని చెప్పింది. ఆమె నోటి నుంచి వచ్చినట్టు కాగితం మీద మిగిలిన మాటల్లో అదొకటి.

"స్పిన్‌స్టర్" అంటే పెళ్లికాని మనిషి కాదు

వృత్తి అనే గడిలో "స్పిన్‌స్టర్" అని కనిపిస్తుంది. ఇంగ్లిష్ తెలిసినవాళ్లు దీన్ని పెళ్లికాని ముదురు వయసు స్త్రీ అని చదివేసి, భర్త, పిల్లలు ఉన్నారేమిటని కంగారు పడతారు. డచ్‌లో ఆ మాటకు అర్థం నూలు వడికే ఆడమనిషి. ఫ్రెంచి పత్రాల్లో అదే "ఫిలూజ్".

వడికేది పత్తి కాదు, అవిసె నార. తెలుగువాళ్లు పొడి చేసుకుని తినే అవిసె గింజల మొక్కే, దాని కాండం నుంచి తీసే నారతో లినెన్ బట్ట నేస్తారు. మొక్కలు పీకి నీళ్లలో ఊరబెడతారు, శ్రీకాకుళం వైపు గోగునార తీసే పద్ధతి లాంటిదే. తర్వాత దంచి, దువ్వి, నార తీస్తారు. కుటుంబమంతటికీ ఎకరా రెండెకరాల కౌలు చెక్క ఉంటే అందులో బంగాళాదుంప, రై ధాన్యం, కొంత అవిసె. చలికాలమంతా ఆడవాళ్లు, పిల్లలు రాట్నం ముందు, మగవాళ్లు మగ్గం దగ్గర. భూమి ఒక్కటే ఆ కుటుంబాన్ని పోషించలేదు, నూలు ఒక్కటే కూడా పోషించలేదు. రెండూ కలిస్తే గడిచేది. అందువల్లే అంత చిన్న చెక్కల మీద అంత జనం బతికారు. 1840ల మొదట్లో ఫ్లాండర్స్‌లో లినెన్ పని మీద పూర్తిగానో కొంతగానో ఆధారపడినవాళ్లు సుమారు 3 లక్షల మంది. అప్పటి బెల్జియం మొత్తం జనాభా 43 లక్షలు.

రాట్నం ముందు పోయింది

పత్తి నూలు యంత్రాలు ఘెంట్‌కు 1800 ప్రాంతంలోనే వచ్చాయి. ఇంగ్లండ్ ఎగుమతి చేయనివ్వని యంత్రాన్ని లీవెన్ బావెన్స్ అనే వ్యాపారి ముక్కలుగా దొంగచాటున తెప్పించాడు. అవిసె నార పత్తిలా మెత్తగా ఉండదు కాబట్టి దాన్ని యంత్రంతో వడకడం ఆలస్యమైంది. 1825లో ఇంగ్లండ్‌లో తడి వడుకు పద్ధతి కుదిరాక పరిస్థితి తిరగబడింది. 1838లో ఘెంట్‌లోనే పెద్ద అవిసె నూలు మిల్లు కంపెనీ వెలిసింది. యంత్రపు నూలు ముందు చేతి నూలు ధర నిలబడలేదు.

ఇక్కడ వరస ముఖ్యం. నూలు వడకడం ముందు యంత్రానికి వెళ్లింది, నేత చాలా తర్వాత. అంటే ఇంట్లో ముందు పోయింది ఆడవాళ్ల సంపాదన. మిల్లు నూలు కొని మగ్గం మీద నేసే మగవాడు ఇంకొన్నాళ్లు నెట్టుకొచ్చాడు. తెలుగు నేల మీద కూడా ఇదే వరస నడిచింది. 19వ శతాబ్దంలో ఇంగ్లండ్ మిల్లు నూలు దిగాక మగ్గాలు చాలాచోట్ల మిగిలాయి, రాట్నాలు మూలపడ్డాయి. పొందూరు లాంటి చోట చేతి వడుకు ఇంకా ఉండటం మినహాయింపు. చేనేత చరిత్ర చెప్పేటప్పుడు నేతగాడి కష్టం గుర్తొచ్చినంతగా వడికే ఆడమనిషి నష్టం గుర్తు రాదు. ఫ్లాండర్స్ కాగితాలూ అంతే. ఆమె వృత్తి గడిలో 1821లో "స్పిన్‌స్టర్" ఉండి, 1840లలో "దినకూలీ" అనో "వృత్తి లేదు" అనో మారితే ఒక పరిశ్రమ పతనం ఆ ఒక్క మార్పులో నమోదైనట్టే.

1845 వేసవి

బంగాళాదుంపకు ఆకుమాడు తెగులు ఐరోపాలో మొదట కనిపించిన చోట్లలో ఫ్లాండర్స్‌లోని కోర్ట్రైక్ పట్టణ పరిసరాలు ఒకటి, 1845 జూన్ చివర్లో. ఆమె ఊరికి అది ఒక్క రోజు నడక దూరం. ఆ ఏడాది బెల్జియంలో బంగాళాదుంప దిగుబడి దాదాపు 87 శాతం పడిపోయింది. మరుసటి ఏడాది రై పంట కూడా దెబ్బతింది. నూలు సంపాదన అప్పటికే పోయింది కాబట్టి ధాన్యం కొనడానికి చేతిలో డబ్బు లేదు. 1847లో టైఫస్ వచ్చింది. పేను ద్వారా సోకే జ్వరం ఇది, టైఫాయిడ్ వేరు. ఆకలి, కిక్కిరిసిన ఇళ్లు, పని కోసం దారులు పట్టిన జనం దాన్ని మోసుకుపోయారు. రెండు ఫ్లాండర్స్ ప్రావిన్సుల్లో జననాల కన్నా మరణాలు ఎక్కువయ్యాయి. 1856 జనగణన నాటికి కూడా అక్కడి జనాభా 1846 సంఖ్యకు చేరలేదు.

1845 అనగానే అందరికీ ఐర్లండ్ గుర్తొస్తుంది. అక్కడ సుమారు 10 లక్షల మంది చనిపోయారు, బెల్జియంలో మామూలు కన్నా అదనంగా 40 నుంచి 50 వేల మంది. మొదటి ఏడాది పంట నష్టం ఐర్లండ్‌లో కన్నా బెల్జియంలోనే ఎక్కువ అయినా మరణాలు ఇంత తక్కువ. బెల్జియం వెంటనే ధాన్యం దిగుమతి సుంకాలు ఎత్తేసింది. పల్లెల్లో రోడ్డు పనులు పెట్టింది. తిండిలో రై ఉండటం వల్ల ఒక్క దుంప మీదే బతుకు ఆగలేదు. అంతకన్నా పెద్ద తేడా, తర్వాతి సంవత్సరాల్లో తెగులు బెల్జియంలో కొంత తగ్గింది, ఐర్లండ్‌లో మళ్లీ మళ్లీ కొట్టింది. అలాగని ఫ్లాండర్స్ తేలిగ్గా బయటపడిందని కాదు. అదే దేశపు దక్షిణ భాగంలో, బొగ్గు, ఇనుము ఉన్న వాలోనియాలో ఇంత నష్టం జరగలేదు. కరువు దేశానికంతా ఒకేలా రాలేదు, నూలు మీద బతికిన పల్లెల్లో ఎక్కువగా పడింది.

మరి మన నమూనా స్త్రీ 1847 మార్చిలో టైఫస్‌తో చనిపోయిందా? చాలామంది వంశచరిత్రకారులు తడబడేది ఇక్కడే. బెల్జియం మరణ పత్రంలో చావుకు కారణం రాయరు. తేదీ, గంట, ఇల్లు, భర్త పేరు, తల్లిదండ్రుల పేర్లు ఉంటాయి, అంతే. చేయదగిన పని ఒకటుంది. ఆ ఊరి మరణాల రిజిస్టర్‌లో 1840 నుంచి 1850 వరకు ఏటా ఎన్ని చావులో, ఏ నెలల్లోనో లెక్కపెట్టాలి. మామూలుగా ఏటా 40 ఉన్నచోట 1847లో 110 ఉంటే, అందులో నడివయసు పెద్దలు ఎక్కువగా ఉంటే, టైఫస్ అనుమానానికి బలం వస్తుంది. అప్పుడు కూడా "బహుశా" అనే మాట తీసేయకూడదు.

పేదలను లెక్కపెట్టిన కాగితాలు

కూడూ గుడ్డా ఉన్నవాళ్లు భూమి, వారసత్వ పత్రాల్లో కనిపిస్తారు. పేదలు కనిపించేది సహాయం లెక్కల్లో. ప్రతి ఊరికీ పేదల సహాయ కార్యాలయం ఉండేది, అదీ 1796 నాటి ఫ్రెంచి ఏర్పాటే. రొట్టె, బొగ్గు, దుప్పటి ఎవరికిచ్చారో అక్కడ రాసేవారు. 1845 ఫిబ్రవరి చట్టం ప్రకారం పేదవాడి భారం ఏ ఊరిదన్నది పుట్టిన చోటును బట్టి, లేదా 8 ఏళ్లు వరసగా నివసించిన చోటును బట్టి తేలుతుంది. దాంతో ఊళ్ల మధ్య ఉత్తరాల యుద్ధం మొదలైంది. ఈమె మాది కాదు, మీది, ఖర్చు మీరే పంపండి అని. ఖర్చు తప్పించుకోవడానికి రాసిన ఆ ఉత్తరాల్లోనే ఆమె ఎక్కడెక్కడ ఎన్నేళ్లు ఉందో వివరంగా దొరుకుతుంది.

1846 అక్టోబర్ 15న గణాంక శాస్త్రవేత్త అడాల్ఫ్ కెట్లే ఆధ్వర్యంలో బెల్జియం మొదటి సమగ్ర జనగణన జరిగింది. దాని ఆధారంగా ప్రతి ఊళ్లో జనాభా రిజిస్టర్ తెరిచారు. ఇల్లు, ఇంట్లోవాళ్లు, ఎప్పుడు వచ్చారు, ఎక్కడికి పోయారు అన్నీ ఒకే పేజీలో. మన నమూనా స్త్రీ పేరు అందులో ఉంటే దాని మీద అడ్డగీత కూడా ఉంటుంది, రిజిస్టర్ తెరిచిన కొద్ది నెలలకే చనిపోయింది కాబట్టి. అదే పేజీలో కింద పిల్లల పేర్ల ఎదురుగా వెళ్లిపోయిన తేదీలు ఉంటాయి.

పిల్లలు ఎటు పోయారు

కూతుళ్లు లేసు పనికి వెళ్లి ఉండటానికి అవకాశం ఎక్కువ. రాట్నం పోయిన చోట కన్యాస్త్రీలు నడిపే లేసు బడులు పెరిగాయి. చిన్న వయసు పిల్లలను కూర్చోబెట్టి కండెలతో లేసు అల్లించేవారు. నరసాపురం లేసు సంగతి తెలిసినవారికి ఈ ఏర్పాటు పరిచయమే. దారం ఇచ్చేదీ, సరుకు తీసుకునేదీ మధ్యవర్తి, కూలి ముక్క లెక్కన, పని ఇంట్లో. అందుకే లెక్కల్లో ఆ ఆడమనిషి పనివాళ్ల కింద రాదు.

కొడుకులు ఘెంట్ మిల్లులకో, సరిహద్దు దాటి ఫ్రాన్స్‌లోని రూబే మిల్లులకో పోయారు. 1872 నాటికి రూబే జనాభాలో సగానికి పైగా బెల్జియం వాళ్లే. ఆంట్‌వెర్ప్ రేవు నుంచి అమెరికాకు పెద్ద ఎత్తున ఓడలు నడిచింది ఆ తర్వాతి తరంలో. చాలామంది అమెరికా అనుకుని వెతికే పెద్దనాన్న దగ్గర్లోనే రూబేలో తేలుతుంటాడు.

ఎంతవరకు చెప్పొచ్చు

రిజిస్టర్లు రెండు ప్రతులు రాసి ఒకటి మునిసిపాలిటీలో, ఒకటి కోర్టులో పెట్టడం వల్ల చాలా మిగిలాయి. 1914 నవంబర్‌లో ఈప్ర్ నగరంలో క్లాత్ హాల్ అనే పాత బట్టల సంత భవనం కాలిపోయినప్పుడు నగర ఆర్కైవ్స్ కూడా బూడిదైంది. కోర్టు ప్రతి ఉన్న కాగితాలు దక్కాయి, ఒక్క ప్రతే ఉన్నవి దక్కలేదు. ఇటీవలి తరాలకు చట్టపు గడువులున్నాయి: జననానికి 100 ఏళ్లు, పెళ్లికి 75, మరణానికి 50. ఆ లోపు పత్రాలు అందరికీ చూపించరు.

ఆన్‌లైన్ వంశవృక్షాల్లో ఎక్కువ తప్పులు ఒకే పేరుగల ఇద్దరిని కలిపేయడం వల్ల వస్తాయి. పసిబిడ్డ చనిపోతే తర్వాత పుట్టిన బిడ్డకు అదే పేరు పెట్టడం అక్కడ మామూలు. మరణాల రిజిస్టర్ చూడకుండా మొదటి బిడ్డ జనన తేదీని రెండో బిడ్డకు అంటగడితే అక్కడి నుంచి అంతా తప్పే. డీఎన్ఏ పరీక్ష కొంత సాయం చేస్తుంది. కానీ అయిదు తరాల వెనకటి ఒక్క పూర్వీకురాలి నుంచి వచ్చేది సగటున 3 శాతం, ఆ పైన ఇంకా తక్కువ. కాగితం పని అది చేయదు.

ఫ్రెంచి స్మృతి ప్రకారం పౌర పత్రాలకు సాక్షులుగా మగవాళ్లే ఉండాలి. 1847 మార్చి నాటి ఆ మరణ పత్రం కింద ఉండేది ఒక పొరుగింటాయన పేరు, ఒక ఊరి కాపలాదారు పేరు. ఆమె పక్కన కూర్చున్న కూతుళ్లు, నీళ్లు పోసిన పొరుగింటి ఆడవాళ్లు ఆ పేజీలో ఉండరు. కాపలాదారు సంతకం చేశాడు, పొరుగింటాయన రాయడం రాదని చెప్పాడు.